సురభి నాటక సమాజము: పుట్టుక, పెంపు, మార్పులు



'సురభి' యను మాటకు నిఘంటువులలో పెక్కు అర్థములు కలవు. సువాసన యని యొక అర్థము. కామధేనువని వేరొక అర్థము. వసంత ఋతువనియు చెప్పుదురు. అయినను తెలుగుదేశములో ఏ యూరికి పోయి 'సురభి' యన్నను జనులకు ముందుగా స్ఫురించునది ఈ అర్థములలో ఏదియు కాదు, నాటకము. మబ్బుల నడుమ నుండి దిగివచ్చు నారదుడు, ఆకాశమున ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాల్చు బాణములు, లడ్డూలు వాటంతట అవియే ఎగిరివచ్చి నోట పడుచుండ భుజించు ఘటోత్కచుడు, ఇవి కన్నుల ముందు నిలుచును. ఇంత ఖ్యాతి గడించిన ఆ పేరు మన కడప జిల్లాలో, చక్రాయపేట ప్రాంతమున నున్న యొక చిన్న పల్లె పేరు.

ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది ఆ నాటకములలోని వింతలను గూర్చి కాదు. ఆ సమాజమెట్లు ఏర్పడినది, అందులో ఎవరు చేరిరి, ఎవరు విడిపోయిరి, ఎట్లు చీలినది, చీలియు ఎట్లు నిలిచినది అను సంగతి చెప్పవలెనని నా ఉద్దేశము. 1885వ సంవత్సరమున ఆ సమాజమును నెలకొల్పిన వారిలో నేడు ఒక్కరును లేరు. ఒక్క సమాజము ముప్పదియారయినది. ముప్పదియారు తగ్గి తగ్గి అయిదయినవి. అట్లయ్యును లోకము 'సురభి వారు' అనియే పిలుచుచున్నది. మనుష్యులందరు మారిన పిమ్మట సమాజము అదియేనా? ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

మొదట వీరి పూర్వుల వృత్తిని గూర్చి చెప్పవలెను. వీరు మరాఠీ భాష మాటలాడు కుటుంబములవారు. ఆరె వారని వీరికి వాడుక. చాల కాలము క్రిందటనే మన సీమకు వలస వచ్చి, తోలుబొమ్మలాట వృత్తిగా జీవించిరి. ఇంటిలో మరాఠీ, తెర వెనుక తెలుగు. తోలుబొమ్మలాట యన నేమో మన పెద్దలకు నేను వివరింప నక్కరలేదు. ఊరి బయట వాసములు పాతి, తెల్లని బట్ట బిగించి కట్టి, వెనుక దీపములు వెలిగించి, రంగులు దిద్దిన బొమ్మలను తెరకు ఆనించి తెల్లవారుదాక ఆడించెడివారు. నడుమ నడుమ కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును వచ్చి నిద్రపోవువారిని నవ్వించి లేపెడివారు.

ఆ యాటలో మనము గమనింపవలసిన దొకటి కలదు. తెర ముందు కూర్చున్నవారికి బొమ్మలే కనబడును. తెర వెనుక నున్నది ఒక కుటుంబము. భర్త రావణుని మాట చెప్పిన, భార్య సీత పాట పాడును. కొడుకు వాద్యము వాయించును. చిన్నవాడు తాళము వేయుచు పద్యములన్నియు విని విని కంఠస్థము చేయును. అందరును కలసిననే ఆట. ఏ యొక్కరు తప్పినను ఆట కుంటుపడును. ఈ కట్టుబాటే తరువాత సురభి నాటక సమాజమునకు పునాది యయినది.

ఇక కాలమును గూర్చి ఒక మాట. 1876వ సంవత్సరము మొదలు రెండు మూడేండ్లు మన దత్తమండలములను పీడించిన ధాత కరువును గూర్చి మన తాతల నోట వినని వారుండరు. కడప, కర్నూలు, బళ్లారి మండలములలో ఊళ్లకు ఊళ్లే పాడుపడినవి. ఆ కరువు గడచిన పిమ్మట, కొలది సంవత్సరములలోనే తెలుగుదేశమున నాటకములు మొలకెత్తినవి. ధార్వాడ నుండి వచ్చిన నాటక సమాజముల వారు మన పట్టణములలో ప్రదర్శనములిచ్చి, నూతనమైన రంగస్థలము, తెరలు, సంగీతము జనులకు చూపిరి. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచే నాటకమాడించిరి. బళ్లారిలో 1886 ప్రాంతమున ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయము' ఆడించిరి. ఈ రెంటికిని నడుమ, 1885లో, పట్టణమున కాక పల్లెటూర పుట్టినది సురభి.

ఆ యూరికి సొరుగు అని వ్యవహారము. ఆ యూరి పెద్దలు ఒక శుభకార్య సందర్భమున, బొమ్మలకు బదులుగా మనుష్యులే వేషములు కట్టి ఆడవలసినదని వనారస వారిని కోరిరని సురభి కుటుంబములలో చెప్పుకొందురు. వనారస గోవిందరావుగారు అందులకు పూనుకొనిరి. అప్పుడాడిన నాటకము 'కీచక వధ'. విరాటపర్వములోని కథ. వానలు లేనప్పుడు విరాటపర్వము చదివించుట మన సీమలో అనాదిగా వచ్చిన ఆచారము గదా! కనుక ఆ కథ తెలియనివారు ఆనాడు ఆ పల్లెలో ఎవరును ఉండి యుండరు. తెలిసిన కథనే తోలుబొమ్మలు గాక ప్రాణమున్న మనుష్యులు ఆడుట క్రొత్త. గోవిందరావుగారు 'శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక మండలి' యను పేర సమాజమును స్థాపించిరి. కాని అంత పొడుగు పేరు జనుల నాలుకపై నిలువలేదు. పుట్టిన యూరి పేరే నిలిచినది. సొరుగు 'సురభి' యయినది. క్రమముగా ఆ యూరి పేరు నటీనటుల పేర్లకు ముందు ఇంటి పేరువలె చేరిపోయినది.

ఇప్పుడు ఆ కాలపు ఇతర సమాజములతో దీనిని పోల్చి చూతము. బళ్లారిలో ధర్మవరము వారి సరస వినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు మిక్కిలి ప్రసిద్ధములు. ఆ ఇరువురును న్యాయవాదులు, విద్వాంసులు. బళ్లారి రాఘవగారును న్యాయవాదియే. వారికి నాటకము ప్రీతి; జీవనోపాధి వేరు. అట్టి సభలకు ఒక గొప్ప గుణము కలదు: ప్రతిభ గలవారందరును వచ్చి చేరవచ్చును. ఒక లోపమును కలదు: ఆ మహనీయుని ప్రతిభతో సభ ముడిపడి యుండుటచే, ఆయన తరువాత దానిని అదే తీరున నడుపువారు దొరకుట కష్టము. ధర్మవరము వారు 1912లోను, కోలాచలము వారు 1919లోను, రాఘవగారు 1946లోను స్వర్గస్థులయిరి. వారి నాటకములు గ్రంథములుగా మిగిలినవి, వారి కీర్తి మిగిలినది. కాని ఆ రంగస్థలము వారి వెంటనే పోయినది.

సురభి పద్ధతి వేరు. అందులో చేరుటకు రెండే వాకిళ్లు: ఒకటి పుట్టుక, రెండవది పెండ్లి. నాటకమే వృత్తి, నాటకమే జీవనము. సొంత డేరా వేసికొని, యొక్కొక్క యూర నెలల తరబడి నిలిచి, రోజునకొక నాటకము చొప్పున ఆడి, ప్రేక్షకులు తగ్గగానే మరియొక యూరికి కదలిపోవుదురు. తెరలకు రంగులు వేయువారు, ఆభరణములు చేయువారు, దుస్తులు కుట్టువారు, దీపములు చూచువారు, నారదుని పైనుండి దింపుటకు సన్నని తీగెలు లాగువారు అందరును ఇంటివారే. సాయంత్రము వాకిట చీట్లు అమ్మిన వాడు రాత్రి ధర్మరాజు వేషము కట్టుట వారిలో వింత కాదు.

దీనివలన కలిగిన గొప్ప ఫలమొకటి, స్త్రీ పాత్రములను స్త్రీలే ధరించుట. ఆ కాలమున తక్కిన సమాజములలో పురుషులే ఆడవేషములు వేయుట రివాజు. స్థానము నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా తెలుగుదేశమును మురిపించినది అట్టి సంప్రదాయములోనే. స్త్రీ రంగస్థలమెక్కిన లోకము వేలెత్తి చూపు కాలమది. సురభి వారికి ఆ చిక్కు లేకపోయెను. తెర వెనుక సీత పాట పాడుచుండిన తల్లి తెర ముందుకు వచ్చినది, అంతే. ప్రక్కన రాముడుగా నిలిచినవాడు భర్తయో, అన్నయో, మరిదియో. రంగస్థలమే ఇల్లయినప్పుడు ఇంటి యాడువారు అందులో తిరుగుటకు అభ్యంతరమేమి?

రెండవ ఫలము పాత్రముల వరుస. సురభి ఇంట పుట్టిన శిశువు నడక రాకముందే బాలకృష్ణుడుగా రంగస్థలమెక్కును. మాటలు వచ్చిన పిమ్మట ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు. గొంతు మారిన పిదప శ్రీకృష్ణుడో, అభిమన్యుడో. నడివయసున హిరణ్యకశిపుడు, కీచకుడు. తల నెరసిన పిమ్మట భీష్ముడో, వసుదేవుడో. ఆడపిల్లయు నిట్లే శశిరేఖ నుండి లీలావతికిని, లీలావతి నుండి కుంతికిని ఎదుగును. ఒక మెట్టు మీద నున్నవాడు పై మెట్టు వాని మాటలు ప్రతి రాత్రియు వినుచునే యుండును. కనుక ఏ రాత్రియైన నొకరికి జ్వరము తగిలినను నాటకము ఆగదు. పోవువాడు పోకముందే వాని స్థానమునకు మనిషి సిద్ధముగా నుండుట, ఇది ఈ సమాజము యొక్క రహస్యము.

ఇక చీలికల సంగతి. గోవిందరావుగారికి ముగ్గురు కుమారులు, పదుగురు కుమార్తెలు. పెండ్లిండ్లయినవి, అల్లుండ్రు వచ్చిరి, కోడండ్రు వచ్చిరి. వనారస వారికి రేకందారు వారు, సిందే వారు, ఆవేటి వారు మొదలయిన యిండ్లవారితో బంధుత్వములు పెనవైచుకొన్నవి. మనుమలు పెరిగిరి. ఒక్క నాటకమున ఎంతమందికి వేషములీయగలరు? ఇద్దరు యువకులు సమర్థులయినచో కృష్ణుడు ఒక్కడే గదా! అప్పుడు ఉమ్మడి కుటుంబమువలె సమాజము వేరుపడవలసి వచ్చెను.

మన యిండ్లలో భాగములు పంచుకొనుట ఎట్లుండునో మీకు తెలియును. ఎనిమిది ఎకరముల చేను నలుగురన్నదమ్ములు పంచుకొన్న తలకు రెండెకరములు. వారి బిడ్డలు పంచుకొన్న అరకకు పని లేదు. విద్య అట్టిది కాదు. వేరుపడిన కుమారుడు తెరలు కొన్నిటిని, హార్మోనియమును తీసికొనిపోయినను, పద్యములన్నిటిని, వేషములన్నిటిని, తీగెలు లాగు నేర్పునంతయు తనతోనే కొనిపోయెను. ఇక్కడ మిగిలిన వారికి అందులో రవ్వంతయు తరుగలేదు. కనుకనే ప్రతి చీలికయు ఒక క్రొత్త సంపూర్ణ సమాజమయ్యెను. ఈ విధముగా ఒకటి రెండయి, రెండు నాలుగయి, ఉచ్చదశలో ముప్పదియారు సురభి సమాజములు తెలుగుదేశమంతట తిరుగుచుండెను. ప్రతి సమాజమునకును ఒక దేవుని పేరో, శుభనామమో ప్రత్యేకముగా నుండును. చివర 'సురభి' యని చేర్చుకొందురు. 1937లో రేకందారు వారి యాజమాన్యమున ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్య మండలి యట్టి శాఖయే.

ఇట్టి చీలికలు ఇతర దేశములందును కలవు. అచ్చట వాని ఫలితము వేరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 1961లో 'బీచ్ బాయ్స్' అను పాటల బృందము ఏర్పడినది. విద్యుత్తు గిటారులతో పాడు యువకులు వారు. అదియు ఇంచుమించు కుటుంబమే: విల్సను ఇంటి అన్నదమ్ములు ముగ్గురు, వారికి బంధువొకడు, స్నేహితుడొకడు. లోకమంత కీర్తి వచ్చినది. అన్నదమ్ములలో ఒకడు 1983లోను, మరియొకడు 1998లోను గతించిరి. మిగిలిన వారు వేరు వేరుగా పాడ మొదలిడగా, ఆ పేరు వాడుకొను హక్కు ఎవరిది యని వ్యాజ్యము నడిచినది. అచ్చట పేరు ఆస్తి. సురభిలో పేరు యూరిది. ఒకరి స్వార్జితము కాదు గనుక, వేరుపడిన ప్రతి శాఖయు దానిని శిరమున దాల్చుటకు వీలు కలిగెను.

గోవిందరావుగారు తన యింటి సమాజములతోనే తృప్తిపడలేదు. తెలుగు నటులందరును ఒకచోట కూడి తమ కళ యొక్క మంచిచెడ్డలు విచారించుకొనవలెనని తలచిరి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టుటకు ఆయన చొరవయే ముఖ్య కారణము. మన సీమలోని పల్లెలో తోలుబొమ్మలాడించుకొను ఇంటివాడు, పండితులను, న్యాయవాదులను, నటులను ఒక సభలో కూర్చుండబెట్టుట సామాన్యమైన కార్యము కాదు.

తరువాత సినిమా వచ్చినది. తెలుగున మొదటి మాటలాడు చిత్రము, హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన 'భక్త ప్రహ్లాద', 1932లో విడుదలయినది. అందులో లీలావతి సురభి కమలాబాయి. ఈమె రంగస్థలము మీదనే జన్మించినదని ప్రతీతి. అదే యేట 'శకుంతల'లో నటించినది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోట రాముని తల్లి ఈమెయే. తెలుగు తెర తొలి కథానాయికను మన సురభి యిచ్చినదని గర్వింపవచ్చును. కాని అదే తెర సురభి ప్రేక్షకులను లాగుకొన్నది. ఊరూర సినిమా డేరాలు, పిదప శాలలు వెలసినవి. తక్కువ డబ్బునకు ఎక్కువ వింతలు చూపినవి. చీలిక కుటుంబములు పెరుగుచున్నంత కాలము బలము. ఆదాయము తగ్గినప్పుడు అదే చీలిక బలహీనత. చిన్న శాఖలకు డేరా బాడుగకే రాబడి చాలదయ్యెను. యువకులు ఉద్యోగములకు మరలిరి. డేరాలు ఒక్కొక్కటిగా ముడిచిరి. ముప్పదియారు సమాజములలో ఇరువదవ శతాబ్దాంతమునకు అయిదు మిగిలినవి: శ్రీ వేంకటేశ్వర నాట్య మండలి, శారదా విజయ నాట్య మండలి, విజయభారతి నాట్య మండలి, భానోదయ నాట్య మండలి, వినాయక నాట్య మండలి. పెక్కు కుటుంబములు హైదరాబాదు చెంత లింగంపల్లి వద్ద సురభి కాలనీలో స్థిరపడినవి.

ఈ క్షీణదశలో సమాజమునకు మూడవ వాకిలి యొకటి తెరువబడినది. అది గురువు వాకిలి. కన్నడ దేశమునకు చెందిన నాటక ప్రయోక్త బి. వి. కారంత్ గారు 1996లో శ్రీ వేంకటేశ్వర నాట్య మండలి వారికి శిక్షణమిచ్చి, వారితో 'భీష్మ', 'చండీప్రియ' మొదలయిన నాటకములాడించిరి. జర్మను రచయిత బ్రెహ్ట్ నాటకమొకటి 'బస్తీ దేవత యాదమ్మ' యను పేర తెలుగు వేషము కట్టినది. పుట్టుకతోను, పెండ్లితోను గాక విద్యతో ఒకరు లోపలికి వచ్చుట యిది. ఆయన పాత చమత్కారములను తీసివేయలేదు. పాత నేర్పునకు క్రొత్త పని కల్పించెను. ఆ మండలికి అధిపతి యయిన రేకందారు నాగేశ్వరరావుగారు, అనగా సురభి బాబ్జీగారు, 2013లో పద్మశ్రీ బిరుదమునందిరి. అదే సంవత్సరమున సురభి వారు ఫ్రాన్సు దేశములోని మెట్జ్ నగరమున నాటకములాడిరి. బాబ్జీగారు 2022లో స్వర్గస్థులయిరి. నాటకము ఆగలేదు, ఆయన వెనుక వరుసలో నిలిచినవారు ముందుకు వచ్చిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మనుష్యులందరు మారిన పిమ్మట సమాజము అదియేనా? పూర్వము నాగసేనుడను బౌద్ధ భిక్షువు మిలిందుడను రాజును ఇట్టి ప్రశ్నయే అడిగెను. రథమనగా చక్రమా? ఇరుసా? నొగలా? ఏదియు కాదు, అన్నియు ఒక పద్ధతిగా కూడినప్పుడు రథమను పేరు. మన నైయాయికులు ఇందులకు ఒప్పుకొనరు; అవయవములకు మించి అవయవి యొకటి కలదందురు. ఆ వాదము నటుంచి, మన కండ్లయెదుటి దృష్టాంతమును చూతము. మన యూరి బావి నీరు నిన్నటి నీరు కాదు. అయినను బావి అదియే. కారణమేమన, ఊట అదియే. సురభికి ఊట యేది? పెద్దవాడు చెప్పగా చిన్నవాడు విని నేర్చుకొను ఆ వరుస. అది యున్నంత కాలము వేషధారులు మారినను సురభి సురభియే. అది తెగినచో పేరు పలక మీద మిగులును గాని నాటకముండదు.

ఊట యెండుట మన కర్నూలు, కడప వారికి తెలియని విషయము కాదు. సురభి ఇంటి పిల్లలు నేడు బడులకు, కళాశాలలకు పోవుచున్నారు. ఇతర ఉద్యోగములు చేయుచున్నారు. ఇది కోరదగినదే. ముప్పదేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను, పిల్లలు చదువుట తప్పని నేననను. చదువుకొనినంత మాత్రమున వేషము విడువ నక్కరలేదు. పగలు ఉద్యోగము, సెలవు దినమున నాటకము సాగించువారును అందులో కలరు. అయినను శిశువు బాలకృష్ణుడుగా రంగస్థలమెక్కకున్నచో, ముప్పదేండ్ల తరువాత హిరణ్యకశిపుడు దొరకడు. మెట్లలో క్రింది మెట్టు విరిగిన, పై మెట్టునకు పోవు దారి లేదు.

ఆ క్రింది మెట్టును నిలుపుట వారి చేతనే లేదు. చూచువారుండిననే ఆడువారుందురు. దేవర జాతరలకు, తిరునాళ్లకు మన గ్రామములలో చందాలు వేసికొని ధ్వనియంత్రములకును, దీపాలంకారములకును వేలకు వేలు వ్యయము చేయుచున్నారు. అందులో ఒక రాత్రి ఖర్చు తీసి సురభి మండలి యొకదానిని పిలిపింపవచ్చును. వారు 'శ్రీ వీరబ్రహ్మముగారి చరిత్ర' ఆడుదురు. ఆ కథ జరిగిన కందిమల్లాయపల్లెయు, బనగానపల్లెయు మనవే గదా! మన పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండి చూచినచో, ఆడు పిల్లలకును ఉత్సాహము కలుగును.

గోవిందరావుగారు ఎంత సమర్థులయినను, 1885లో ఆ పల్లెలో పెద్దలెవరును 'మీరే వేషము కట్టి ఆడుడు' అని అడుగకున్నచో, బొమ్మలు తెర వెనుకనే యుండిపోయెడివి. ఆ సమాజము పుట్టుటలో నటుల వంతు ఎంతయో, అడిగిన గ్రామపెద్దల వంతును అంత. వేషధారుల వరుస నేటికిని తెగక వచ్చినది. అడుగువారి వరుసలో నేడు నిలువవలసిన వారము మనము.